ఎర్ర అక్షరాలు

కొత్త లాప్‌టాప్ నోరు మెదపలేదు. ఈ మాట ఎవరికైనా చెబితే, "పోనీలెండి, పాటలు ఫోనులో వినొచ్చుగా" అంటారు. నాకు కావలసింది పాటలు కాదు. పుట్టినప్పటి నుంచీ నాకు చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాము పైకి చదువుతుంది, అది విని నేను పని చేసుకుంటాను. అది చదవడం మానేస్తే నా ముందున్నది మీటలు బిగించిన పలక. దాని మీద కూరగాయలు తరుగుదామన్నా మీటలు అడ్డం.

నా పాత లాప్‌టాప్ విండోస్ మీద కాక, ఉచితంగా దొరికే లైనక్స్ మీద నడిచేది. దాని గొంతు మా ఇంట్లో ఎవరికీ గిట్టదు. మా ఆయన దానికి రేకుడబ్బా అని పేరు పెట్టాడు. రాగం లేదు, దీర్ఘం లేదు, జాలి అసలే లేదు. చావు కబురైనా, బట్టల కొట్టు వాళ్ల తగ్గింపు ధరలైనా ఒకే వేగంతో, ఒకే గొంతుతో చదివేసి ఊరుకుంటుంది. నాకు అందులో నచ్చేదే అది. ఆ పాతది ఒక పొద్దున ఉన్నట్టుండి ఆగిపోయింది. లోపల బోర్డు మాడిపోయిందని చెప్పి రిపేరు చేసేవాడు చేతులెత్తేశాడు.

ఆగిపోవడానికి అది ఎంచుకున్న ముహూర్తమే నన్ను మండించింది. కోర్టుల్లో రికార్డు చేసిన వాంగ్మూలాలను విని టైపు చేయడం నా పని. ఇన్నాళ్లూ వాళ్లనూ వీళ్లనూ అడిగి తెచ్చుకున్న విడి పనులే. పని ఇచ్చిన ప్రతివాడూ నన్ను ఉద్ధరిస్తున్నట్టే మాట్లాడేవాడు. ఇప్పుడొక కంపెనీ నెలజీతం మీద ఒక్కరిని తీసుకుంటానంది. నమూనాగా ఒక పొడుగాటి రికార్డింగు పంపి, మంగళవారం సాయంత్రంలోగా టైపు చేసి పంపమంది. నాకు కళ్లు కనబడతాయా లేదా అని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. అది జాలిపడి ఇచ్చే పని కాదు, జాలిపడి ఎగ్గొట్టే పనీ కాదు. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఎంత కావాలంటే, ఎవరైనా అడిగితే "ఏమోలే, చూద్దాం" అని కొట్టిపారేసేంత.

మా ఆయన దూరప్రాంతాల బస్సు నడుపుతాడు. డ్యూటీకి బయలుదేరే ముందు ఆదివారం హడావిడిగా వెళ్లి కొత్త లాప్‌టాప్ తెచ్చాడు. "చూడు, అప్పడంలా ఉంది" అని నా చేతిలో పెట్టాడు. నిజంగానే సన్నగా, తేలిగ్గా ఉంది. అంచులన్నీ తడిమితే హెడ్‌ఫోన్ రంధ్రం ఎక్కడా తగల్లేదు. సన్నబడాలన్న ఆబలో దాన్ని కూడా పీకేశారు. ఏం చేస్తాం, స్పీకర్లున్నాయి కదా అనుకున్నాను.

పెన్‌డ్రైవ్ పెట్టి లైనక్స్ ఎక్కించాం. నేను చెబుతుంటే అతను మీటలు నొక్కాడు, అతను చెబుతుంటే నేను నిర్ణయాలు తీసుకున్నాను. మా కాపురం కూడా అలాగే సాగుతుంది. మధ్యలో ఒకసారి స్క్రీన్ రీడర్‌ను లేపి చూశాను, పలకలేదు. "పూర్తిగా ఎక్కితే మాట్లాడుతుందిలే" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. లాప్‌టాప్‌తో పాటు వచ్చిన విండోస్‌ను తుడిచేసి, పని ముగించి, అతను సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు విన్నాక నేను లాప్‌టాప్ ముందు కూర్చుని, గొంతును లేపే మీటలు మళ్లీ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇంతకుముందు ఇలాంటివి చాలా చూశాను. ఒకసారి వైఫై పలకలేదు, ఒకసారి ప్రింటరు అలిగింది, ఒకసారి మూత వేసి తీస్తే మొత్తం కంప్యూటరే మూర్ఛపోయింది. లైనక్స్ వాడేవాళ్లకు కొత్త యంత్రం అంటే కొత్త కోడలిలాంటిది, దేనికి అలుగుతుందో ముందుగా తెలియదు. అవన్నీ నేనే సరిచేసుకున్నాను. అప్పుడు ఏం చెడినా గొంతు మాత్రం ఉంది. ఈసారి చెడింది గొంతే. ఏది చెడిందో నాకు చదివి చెప్పవలసినదే చెడిపోయింది.

దొడ్డిదారులన్నీ ఆలోచించాను. యూఎస్‌బీకి తగిలించే చిన్న సౌండు ముక్క ఒకటి దొరుకుతుంది, అది ఉంటే ఈ గొడవే లేదు. కింద వీధిలో కంప్యూటర్ల కొట్టతనికి ఫోను చేస్తే, స్టాకు లేదు, గురువారం వస్తుందన్నాడు. లాప్‌టాప్ తెస్తే చూస్తావా అంటే, "లైనక్సా? అదంతా ఎందుకమ్మా, విండోస్ వేయించుకోండి" అన్నాడు. ఫోను పెట్టేశాను. నా ఫోనులో ఫొటో తీసి అక్షరాలు చదివే ప్రోగ్రాము ఉంది. దాన్ని తెర వైపు గురిపెడితే "గోడ" అంది, ఇంకోసారి "కిటికీ" అంది. మా అత్తయ్యకు ఫోనిచ్చి తెరను ఫొటో తీయమంటే, లెన్సుకు వేలు అడ్డం పెట్టిందేమో, "బహుశా వేలు" అంది. ఇక మిగిలింది ఒకే దారి. అత్తయ్య కళ్లు, నా వేళ్లు.

మా అత్తయ్య పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. ఇంగ్లీషు గడగడా చదువుతుంది, మందుల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. మనిషి మంచిది. ఆ మంచితనమే నాకు గొంతులో ముల్లు. ఆవిడకు వార్డు గొంతు ఒకటుంది. మెత్తగా, వెచ్చగా, నుదుటి మీద చెయ్యి పెట్టినట్టు ఉంటుంది. పక్కింటివాళ్లతో పోట్లాడేటప్పుడు ఆ గొంతు రాదు, మా ఆయన్ని తిట్టేటప్పుడు రాదు. నాకు ఏదైనా చదివి పెట్టేటప్పుడు మాత్రం వస్తుంది. కరెంటువాళ్ల నోటీసు వచ్చినా, నా స్నేహితురాలు అలిగి సందేశం పంపినా, ఆ గొంతులోంచి నా దగ్గరికి వచ్చేసరికి అందులో కోరలన్నీ ఊడిపోయి ఉంటాయి. నాకు లోకం ఎప్పుడూ జల్లెడ పట్టాకే అందుతుంది. అందుకే ఆవిణ్ణి ఏదీ చదవమని అడగడం మానేసి చాలా కాలమైంది.

సోమవారం పొద్దున తప్పనిసరై అడిగాను. ఆవిడ సంబరం చూడాలి. కళ్లద్దాలు తుడుచుకుని, కుర్చీ లాక్కుని, డ్యూటీ ఎక్కినట్టు కూర్చుంది.

కంప్యూటరు ఆన్ అయినప్పటి నుంచీ లోపల ఏం జరిగిందో అదే ఒక చిట్టా రాసుకుంటుంది. ఏ భాగం దొరికింది, ఏది దొరకలేదు, అంతా ఉంటుంది. నేను టైపు చేసి అందులో శబ్దానికి సంబంధించినవి తెర మీదికి తెప్పించాను.

"చదవండత్తయ్యా."

"ముందు బ్రాకెట్టు... మూడు, చుక్క, నాలుగు, ఏడు... ఇదేంటమ్మా, టెంపరేచరా?"

"టైము. దాన్ని వదిలెయ్యండి. తర్వాతది."

"సౌండ్ కార్డ్... ఫౌండ్. అంటే దొరికిందట." గొంతులో నిజంగానే సంతోషం. "స్పీకర్... ఇదీ ఉంది. మైక్... ఉంది. వాల్యూము గురించి ఏదో ఉంది, అది కూడా మంచిగానే ఉంది. అన్నీ ఉన్నాయమ్మా. నిక్షేపంలా ఉంది."

"తేడాగా ఏమైనా కనబడుతోందా?"

"నువ్వు కంగారు పడాల్సిందేమీ లేదు."

ఆ మాటను నేను 'లేదు' అని అర్థం చేసుకున్నాను.

అన్ని భాగాలూ దొరికాయంటే లోపం నా సెట్టింగుల్లో ఉండాలి. శబ్దం ఎక్కడో నొక్కేసి ఉందేమోనని చూశాను, లేదు. స్పీకర్లకు పోవలసింది టీవీ తీగకు పోతోందేమోనని మార్చి చూశాను, లేదు. ప్రతి అడుగుకూ అత్తయ్య చదవాలి. కింద గీతకూ అడ్డగీతకూ తేడా చెప్పడానికి మాకు సగం పూట పట్టింది. "ఇది పడుకున్న గీతమ్మా" అంటుంది. రెండు గీతలూ పడుకునే ఉంటాయి. ఏది గచ్చు మీద పడుకుంది, ఏది మంచం మీద పడుకుంది అని అడిగితే అప్పుడు తేలింది. ఆ తర్వాత మేమిద్దరం గచ్చుగీత, మంచంగీత అనే పిలుచుకున్నాం. నవ్వుకున్నాం కూడా. అంతసేపు ఆవిడ పక్కన కూర్చుని నేను నవ్వడం అదే మొదలు.

మధ్యాహ్నానికి నవ్వు ఇంకిపోయింది. లాప్‌టాప్ మరీ కొత్తది కాబట్టి లైనక్స్ లోపలి భాగమే పాతదై ఉంటుందని, ఫోనుకు తీగ కలిపి నెట్ తీసుకుని, కొత్త కెర్నెల్ దించాను. అంటే ఇంజను మార్చినట్టు. అది దిగడానికి చాలాసేపు పట్టింది. అది ఎక్కింది, రీస్టార్ట్ అయింది, మీటలు నొక్కాను. ఏమీ లేదు. అత్తయ్య చిట్టా మళ్లీ చదివింది. సౌండ్ కార్డు దొరికింది, స్పీకరు దొరికింది, అంతా నిక్షేపం.

కాఫీ పెట్టి తెచ్చి, "అలసిపోయావు, కాసేపు పడుకో" అంది.

"పడుకుంటే అది మాట్లాడుతుందా?"

"మాట్లాడుతుందిలే. ఎందుకు మాట్లాడదు?"

వార్డు గొంతు. కప్పు అక్కడే పెట్టేసి లేచి బాల్కనీలోకి వెళ్లాను. లేకపోతే ఏదో ఒకటి అనేసేదాన్ని.

మంగళవారం వచ్చింది. కంపెనీకి ఫోనులోంచే మెయిలు పెట్టాను, నా కంప్యూటరు పాడైంది, ఒక్క రోజు గడువు ఇవ్వగలరా అని. జవాబు రాలేదు. ఆ రికార్డింగును ఫోనులో టైపు చేద్దామా అంటే, సాక్షి ఒకటి చెబుతుంటాడు, లాయరు మధ్యలో దూరుతుంటాడు, కాలి కింద పెడల్ నొక్కి ఆపుతూ, వెనక్కి తిప్పుతూ వినాలి. ఫోనుతో అయ్యే పని కాదు. ఫోనులో గంటగంటకూ టైము చెప్పే గొంతును కూడా ఆపేశాను.

భోజనాలయ్యాక మళ్లీ కూర్చున్నాం. ఇంక ఏమీ తోచక, శబ్దం అనే మాట ఉన్నవే కాకుండా, చిట్టా మొత్తం మొదటి నుంచి పేజీలు పేజీలుగా తిప్పాను. అత్తయ్య చదువుతూ పోయింది. అరిగిపోయిన గొంతుతో కీబోర్డు దొరికింది, కెమెరా దొరికింది, బ్యాటరీ దొరికింది అంటూ. చివరికి వచ్చేసరికి ఆవిడకు ఆవులింత ఆగలేదు.

"అంతేనమ్మా. ఆ ఎర్రవి తీసేస్తే అంతా నార్మలే."

నా వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి.

"ఎర్రవేంటి?"

"అక్షరాలు. కొన్ని లైన్లు ఎర్రగా ఉన్నాయి. అవి నీకెందుకులే."

ఎరుపంటే నాకు మాటే తెలుసు. రేకుడబ్బా ఇన్నేళ్లలో నాకు వేలకొద్దీ లైన్లు చదివింది కానీ, ఏ లైను ఏ రంగులో ఉందో ఏనాడూ చెప్పలేదు. తప్పులొచ్చిన చోట కంప్యూటరు అక్షరాలను ఎర్రగా చూపిస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పవలసిన పనీ పడలేదు. అందుకే ఆవిణ్ణి రంగు గురించి అడగాలని నాకు తట్టనే లేదు.

"నిన్న కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"పొద్దున్నే? మొట్టమొదటిసారి చదివినప్పుడే?"

"అప్పటి నుంచీ ఉన్నాయి." ఆవిడ గొంతులో కాస్త బెరుకు వచ్చింది. "స్పీకరు లైను కిందే ఉన్నాయి."

"మరి నాకెందుకు చెప్పలేదత్తయ్యా?"

"రిపోర్టులో ఎర్ర సిరాతో రాసినవి మంచం దగ్గర చదవరమ్మా. అవి డాక్టరుగారికి విడిగా చెబుతాం. రోగికి చదివితే బెంబేలెత్తిపోతారు. నా సర్వీసంతా అంతే చేశాను."

"ఇక్కడ రోగి ఎవరు?"

వంటగదిలో ఫ్రిజ్ గుర్రుమంటూ ఆగింది.

"ఇక్కడ రోగి ఎవరత్తయ్యా? అది రోగి. ఆ అప్పడం ముక్క. నేను డాక్టర్ని. మీరు రెండు రోజుల నుంచి డాక్టరు దగ్గర రిపోర్టు దాచారు." నా గొంతు నాకే కీచుగా వినబడింది. కోపం కన్నా ఏడుపు ఎక్కువ వచ్చింది, దాన్ని మింగేశాను. నా జీవితమంతా ఇలాగే జరిగిందని, ఎన్ని ఎర్రవి నాకు తెలియకుండానే పోయాయోనని, ఆ క్షణంలో లెక్కకు అందనంత దూరం వెనక్కి అనుమానం పాకింది. "చదవండి. ఎర్రవి మాత్రమే చదవండి."

"స్పీకరు ముందు ఒక ఆంప్లిఫయరు ఉందట. దాని ఫైలు విషయంలో కొంచెం ఇబ్బంది వచ్చినట్టుంది..."

"అక్కడ కొంచెం అని రాసుందా?"

"లేదు."

"ఇబ్బంది అని రాసుందా?"

"ఫెయిల్డ్ అని ఉంది. ఫర్మ్‌వేర్, నాట్ ఫౌండ్. మంచంగీత రెండు. దాని కింద ఇంకోసారి ఫెయిల్డ్. ఇంకోసారి."

అంతే. ఆ ఒక్క లైనులో ఉంది మొత్తం. స్పీకర్లకు ముందు ఆంప్లిఫయరు చిప్పు ఒకటుంటుంది, కంప్యూటరు లేచీలేవగానే దానికి ఒక చిన్న ఫైలు తినిపించాలి. అదే ఫర్మ్‌వేర్. నేను ఎక్కించిన లైనక్స్‌లో ఆ ఫైలు లేదు, ఎందుకంటే ఈ చిప్పు దానికన్నా కొత్తది. తిండి పెట్టకపోతే చిప్పు మూగగా కూర్చుంటుంది. మిగతావన్నీ చూసేవాళ్లకు నిక్షేపంలాగే కనబడతాయి.

ఆ ఫైలు పేరు అక్షరం అక్షరం చెప్పించుకున్నాను. ఈసారి ఆవిడ ఒక్క గీత కూడా వదల్లేదు. ఫోనులో వెతికితే, ఇలాంటి లాప్‌టాప్ ఉన్నవాళ్లు చాలామంది అదే చోట తల బాదుకున్నారని తెలిసింది. కొత్త ఫర్మ్‌వేర్ మూట దించుకుని, పెట్టవలసిన చోట పెట్టి, రీస్టార్ట్ చేశాను. దించడం నుంచి అంతా కలిపి ఒక టీ తాగేంతసేపు కూడా పట్టలేదు. అదే ఎక్కువ మండించింది.

మీటలు నొక్కాను.

"స్క్రీన్ రీడర్ ఆన్" అంది రేకుడబ్బా.

నెత్తిన పాలు పోసినట్టయింది. ఏవేవో మీటలు నొక్కి ఉన్నవన్నీ చదివించాను. చెత్తబుట్ట, ఖాళీ ఫోల్డరు, బ్యాటరీ శాతం, అన్నీ అందంగానే వినబడ్డాయి. అత్తయ్య కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "ఇక నాతో పనిలేదుగా" అంది. ఆ మాట మామూలు గొంతుతోనే అంది. హెడ్‌ఫోన్ లేదు కాబట్టి సాక్షి గొంతూ, లాయరు గొంతూ, రేకుడబ్బా గొంతూ ఇల్లంతా వినబడేట్టు పెట్టి పని మొదలుపెట్టాను.

అప్పటికే సాయంత్రమైంది. ఎంత పరిగెత్తించినా ఆ రికార్డింగు గంటలకొద్దీ పట్టే వ్యవహారం. సగం పనిని గడువులో పంపడమా, మొత్తం పనిని ఆలస్యంగా పంపడమా అని కాసేపు కొట్టుకున్నాను. సగం పని పంపడం నా వల్ల కాలేదు. బుధవారం పొద్దున, ఒకటికి రెండుసార్లు విని సరిచూసి, క్షమాపణ ఒక ముక్క రాసి పంపాను.

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గాయి. గురువారం మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే ఆవిడ వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆవిడ మోకాళ్లు పటుక్కుమన్నాయి.

"కొత్తగా చేరినప్పుడు ఒకావిడకు రిపోర్టు ఉన్నదున్నట్టు చదివేశాను" అంది. "అడిగింది కదా అని. ఆ రాత్రి నుంచి తిండి ముట్టలేదు. పెద్ద సిస్టరు నన్ను మెట్ల కింద నిలబెట్టి తిట్టిన తిట్టు ఇప్పటికీ చెవిలోనే ఉంది. ఆ తర్వాత మళ్లీ ఎవరికీ చదవలేదు."

"ఆవిడ రోగి" అన్నాను.

"అవును."

"నేను కోడల్ని."

"తెలుసమ్మా. కానీ నీకు చదవాలంటే నా నోరు దానంతటదే అటు తిరిగిపోతుంది. నేను కావాలని చెయ్యట్లేదు." మోకాళ్లు రుద్దుకుంటూ, "మావాణ్ణి తిట్టినట్టు నిన్నెప్పుడైనా తిట్టానా? తిట్టి ఉంటే బాగుండేది" అంది.

నిజానికి ఆ మాట నాకు చాలా నచ్చింది, కానీ కోపం ఇంకా తీరలేదు. ఒక దుప్పటి రెండో కొస ఆవిడ చేతికిచ్చాను. ఇద్దరం కలిసి దుప్పట్లన్నీ మడతపెట్టాం.

శుక్రవారం పొద్దున నేను సింకు దగ్గర గిన్నెలు తోముతున్నాను. మోచేతుల దాకా సబ్బు నురగ. బల్ల మీద ఫోను టింగుమంది. ఆ చప్పుడు నేను మెయిళ్లకు మాత్రమే పెట్టుకున్నది. నాకు ఆ వేళప్పుడు మెయిళ్లు పంపేవాళ్లు ఎవరూ లేరు.

చేతులు తుడుచుకుంటే ఫోనే చదివి పెట్టేది. తువ్వాలు పక్కనే, కొక్కేనికే ఉంది.

"అత్తయ్యా, ఎవరో చూడండి" అన్నాను.

ఆవిడ పళ్లెం పక్కన పెట్టి, కళ్లద్దాలు వెతుక్కుని, ఫోను తీసింది. "ఆ కంపెనీవాళ్లే."

"చదవండి."

ముందుగా తనలో తాను చదువుకుంటోంది. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. జల్లెడ పట్టేది అప్పుడే. నేను గిన్నెను వదలకుండా పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ గొంతు సవరించుకుంది. మొదటి మాట మెత్తగా రాబోయి, మధ్యలో తెగింది. మళ్లీ మొదలుపెట్టింది.

"మీరు పంపిన నమూనాను పరిశీలించాం." ఏ రాగమూ లేదు. బస్సు బోర్డు చదివినట్టు ఉంది. "పని శుభ్రంగా ఉంది. తప్పులు దాదాపుగా లేవు."

ఆగింది. అక్కడ ఆపేయవచ్చు. అక్కడ ఆపేసి, మిగతాది తర్వాత చూద్దాంలే అనడం ఆవిడకు ఎంత సులువో నాకు తెలుసు.

"అయితే అది గడువు దాటాక మాకు చేరింది. కోర్టు పనుల్లో ఆలస్యాన్ని మేము అంగీకరించలేం. గడువులోగా పంపిన మరొకరిని ఈ ఉద్యోగానికి తీసుకున్నాం. మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం."

కుళాయి నుంచి ఒక చుక్క పడింది. నేను కుళాయిని గట్టిగా బిగించాను.

"ఇంకా ఉందా?"

"లేదు. అంతే ఉంది." ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. "ఆలస్యం నా వల్లే అయింది."

కాదని అనడానికి నా నోరు తెరుచుకుంది. పెద్దావిడ, పైగా బాధపడుతోంది. ఒక చిన్న అబద్ధంతో పోయేది. కానీ ఆవిడ నాకు ఒక్క మాట కూడా తగ్గించకుండా చదివింది.

"అవునత్తయ్యా" అన్నాను. "మీ వల్లే."

"ఊఁ" అంది.

అప్పుడు ఏడ్చాను. ఉద్యోగం పోయినందుకే ఏడ్చాను, ఇంకో కారణం ఏదీ లేదు. అది నాకు ఎంత కావాలో అప్పుడు గానీ నేనే ఒప్పుకోలేదు. సబ్బు చేతులతో కళ్లు తుడుచుకోలేక, తల వంచుకుని వెక్కుతూ నిలబడ్డాను.

ఆవిడ నా దగ్గరికి వచ్చింది. పర్వాలేదు అనలేదు, ఇంకొకటి వస్తుందిలే అనలేదు. నా చేతిలోని గిన్నె తీసుకుని కడగడం మొదలుపెట్టింది.